రష్‌మోర్ పర్వత స్మారకం, బ్లాక్ హిల్స్ పర్యటన మార్గాలు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో, బ్లాక్ హిల్స్ పర్వతశ్రేణిలో ఉన్న రష్‌మోర్ స్మారకాన్ని ఏటా 20 లక్షల మందికి పైగా సందర్శిస్తున్నారు. నలుగురు అధ్యక్షుల ముఖాలు చెక్కిన ఈ కొండను సాధారణంగా దేశభక్తి చిహ్నంగానో, శిల్పకళా సాహసంగానో వర్ణిస్తుంటారు. ఈ స్మారకం మొదట పర్యాటకులను రప్పించడానికి చేసిన ఆలోచనగా ఎట్లా పుట్టిందో, చుట్టుపక్కల రహదారులు సందర్శకుని చూపును ఎట్లా తీర్చిదిద్దాయో, అదే కాలంలో ఆ నేల కోసం లకోటా ప్రజలు నడిపిన న్యాయపోరాటం ఆ చూపుకు ఎందుకు అందలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శిల్పాన్నీ, దారులనూ, భూమి హక్కు పత్రాలనూ కలిపి చదివినప్పుడే ఈ ప్రాంత చరిత్ర పూర్తిగా అవగతమవుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రష్‌మోర్, బ్లాక్ హిల్స్, లకోటా, ఫోర్ట్ లారమీ ఒడంబడిక, పర్యాటకం, స్మారక శిల్పం, భూమి హక్కు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో యాత్రారచనకు తొలి ఉదాహరణలలో ఒకటైన ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర క్షేత్రాల వర్ణనతో ఆగిపోలేదు. 1830-31 మధ్య సాగిన ఆ ప్రయాణంలో ఆయన దారుల స్థితినీ, మజిలీల సౌకర్యాలనూ, ఆయా సీమల పాలననూ, ప్రజల స్థితిగతులనూ నమోదు చేశాడు. చూసిన స్థలంతోపాటు అక్కడికి చేర్చిన దారినీ, ఆ నేలపై ఉన్న అధికారాన్నీ గమనించడం ఆ పద్ధతిలోని విశేషం. నేడు అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో చూసి వచ్చే ప్రదేశాలలో రష్‌మోర్ కూడా ఉంది. అటువంటి ప్రదేశాన్ని పై పద్ధతిలో పరిశీలించవలసిన అవసరం ఉంది.

రాపిడ్ సిటీ నగరం నుంచి నైరుతి దిక్కుగా సుమారు పాతిక మైళ్లు ప్రయాణిస్తే రష్‌మోర్ వస్తుంది. వాషింగ్టన్, జెఫర్సన్, థియొడోర్ రూజ్వెల్ట్, లింకన్ ముఖాలు ఆగ్నేయాభిముఖంగా కనిపిస్తాయి. ఒక్కొక్క ముఖం ఎత్తు 60 అడుగులు. సందర్శకులలో ఎక్కువమంది ఒకటి రెండు గంటలు అక్కడ గడిపి, ఛాయాచిత్రాలు తీసుకొని, పక్కనే ఉన్న కస్టర్ స్టేట్ పార్కుకో, క్రేజీ హార్స్ స్మారకానికో సాగిపోతారు. ఈ క్రమం యాదృచ్ఛికంగా ఏర్పడలేదు. దీని వెనుక ఒక ప్రణాళిక ఉంది.

2. కొండ పేరు – భూమి పత్రం

ప్రతి క్షేత్రానికీ స్థలపురాణం ఉన్నట్లే ఈ కొండకూ ఒకటి ఉంది. నిజానికి ఇక్కడ రెండున్నాయి. లకోటా ప్రజలు బ్లాక్ హిల్స్‌ను పహా సాపా అంటారు. 'నల్లని కొండలు' అని దాని అర్థం. దూరం నుంచి దట్టమైన పైన్ అడవుల వల్ల ఈ కొండలు నల్లగా కనిపించడమే ఆ పేరుకు కారణం. నేడు రష్‌మోర్‌గా పిలుస్తున్న శిఖరాన్ని వారు 'ఆరుగురు తాతలు' అనే అర్థం వచ్చే పేరుతో వ్యవహరించారు. నాలుగు దిక్కులు, పైన ఆకాశం, కింద భూమి కలిసి ఆ ఆరుగురు.

రెండవ పేరు న్యూయార్క్ న్యాయవాది ఛార్లెస్ రష్‌మోర్‌ది. 1880వ దశకం మధ్యలో ఆయన ఇక్కడి తగరపు గనుల హక్కు పత్రాలను పరిశీలించే పనిమీద వచ్చాడు. స్థానికులతో జరిగిన సంభాషణలో ఆ కొండకు ఆయన పేరు అంటుకున్నది. 1930లో అది అధికారికంగా స్థిరపడింది. భూమి హక్కు పత్రాలు చూడవచ్చిన న్యాయవాది పేరు ఈ కొండకు నిలవడం గమనించదగినది. ఎందుకంటే ఈ ప్రాంతంలో అసలు వివాదం ఆ హక్కు పత్రం గురించే.

1868 ఏప్రిల్‌లో కుదిరిన ఫోర్ట్ లారమీ ఒడంబడిక ప్రకారం బ్లాక్ హిల్స్‌తో కూడిన విశాల భూభాగం సియూ జాతికి ప్రత్యేకించబడింది. లకోటా ప్రజలు ఆ జాతిలోని పశ్చిమ శాఖ. ఆ భూమిలో ఏ భాగాన్నైనా వదులుకోవాలంటే వయోజన పురుషులలో నాలుగింట మూడు వంతుల మంది సంతకాలు అవసరమని ఒడంబడికలోని 12వ అధికరణం నిర్దేశించింది. 1874లో కస్టర్ నాయకత్వంలో సుమారు వెయ్యి మందితో సైనిక యాత్ర ఈ కొండల్లోకి ప్రవేశించింది. ఫ్రెంచ్ క్రీక్ అనే వాగు వద్ద బంగారం కనిపించిందన్న వార్త వ్యాపించగానే గనులు వెదికేవారు వేలాదిగా చొరబడ్డారు. 1876 జూన్‌లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో కస్టర్ మరణించాడు. ఆ తరువాత కొండలను అప్పగిస్తే తప్ప తిండి సరఫరా సాగదని అమెరికా కాంగ్రెసు షరతు విధించింది. ఆ నిర్బంధంలో కూడా సంతకాలు చేసినవారు వయోజన పురుషులలో పదోవంతు మాత్రమే. అయినా 1877 ఫిబ్రవరి 28న చేసిన చట్టంతో కొండలు ప్రభుత్వపరమయ్యాయి.

3. పర్యాటకుల కోసం పుట్టిన ఆలోచన

1923లో దక్షిణ డకోటా రాష్ట్ర చరిత్రకారుడు డోన్ రాబిన్సన్‌కు ఒక ఆలోచన వచ్చింది. రాష్ట్రానికి ప్రధాన ఆధారం వ్యవసాయం. అప్పటికి ధరలు పడిపోయి రైతులు కష్టాల్లో ఉన్నారు. మోటారు కార్లు పెరుగుతున్న కాలంలో బయటివారిని రప్పించగల ఆకర్షణ ఒకటి రాష్ట్రానికి కావాలని ఆయన భావించాడు. బ్లాక్ హిల్స్‌లో 'నీడిల్స్' అని పిలిచే సూదుల వంటి గ్రానైట్ శిఖరాలపై పశ్చిమ సీమ వీరుల విగ్రహాలు చెక్కించాలన్నది ఆయన ప్రతిపాదన. ఆ వీరుల జాబితాలో అన్వేషకులైన లూయిస్, క్లార్క్‌లతో పాటు లకోటా నాయకుడు రెడ్ క్లౌడ్ పేరు కూడా ఉంది.

1924 ఆగస్టులో రాబిన్సన్ శిల్పి గట్జన్ బోర్గ్‌లమ్‌కు లేఖ రాశాడు. బోర్గ్‌లమ్ అప్పుడు జార్జియాలోని స్టోన్ మౌంటెన్‌పై, అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన పోరాడిన సేనానుల శిల్పాల పనిలో ఉన్నాడు. అక్కడి నిర్వాహకులతో విభేదాలు ముదిరి 1925లో ఆయన ఆ పని నుంచి తొలగవలసి వచ్చింది. బ్లాక్ హిల్స్‌కు వచ్చి పరిశీలించి, నీడిల్స్ శిరరాలు మరీ సన్నగా ఉన్నాయని తిరస్కరించి, రష్‌మోర్‌ను ఎంచుకున్నాడు. అక్కడి గ్రానైట్ సన్నని పలుకుతో గట్టిగా ఉండడం, రోజులో ఎక్కువ భాగం ఎండ పడడం అందుకు కారణాలు.

శిల్పి రాకతో విషయం కూడా మారింది. ప్రాంతీయ వీరుల స్థానంలో జాతీయ అధ్యక్షులు వచ్చారు. రెడ్ క్లౌడ్ పేరు తొలగిపోయింది. జెఫర్సన్‌ను ఎంపిక చేయడానికి చూపిన కారణం 1803లో ఫ్రాన్స్ నుంచి లూసియానా భూభాగాన్ని కొనడం. బ్లాక్ హిల్స్ ఆ కొనుగోలులోనే చేరాయి. అక్కడ నివసించేవారికి ఆ అమ్మకంతో ఎటువంటి ప్రమేయమూ లేదు. లింకన్ దేశ ఐక్యతను కాపాడినవాడు. ఆయన పాలనలోనే 1862 డిసెంబరు 26న మిన్నెసోటాలోని మాంకేటోలో 38 మంది డకోటా పురుషులను ఒకేసారి ఉరితీశారు. మరణశిక్ష పడినవారిలో అత్యధికుల శిక్షను ఆయన తగ్గించిన మాట కూడా వాస్తవమే. డకోటాలు లకోటాలకు సోదర శాఖ. ఒకే ముఖం ఇద్దరు ప్రేక్షకులకు రెండు విధాలుగా కనిపించడంలోని కారణం ఇక్కడ స్పష్టమవుతుంది.

4. చెక్కడం: పని, పనివారు

1927 వేసవిలో అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కస్టర్ స్టేట్ పార్కులోని అతిథిగృహంలో విడిది చేశాడు. ఆగస్టు 10న రష్‌మోర్ వద్ద జరిగిన సభలో ప్రసంగించి ఈ ప్రయత్నానికి కేంద్ర ప్రభుత్వ మద్దతు ప్రకటించాడు. అదే ఏడాది అక్టోబరు 4న పని ఆరంభమైంది. 1929లో కేంద్రం నిధులు మంజూరు చేసింది. మొత్తం వ్యయం 9,89,992 డాలర్లు. ఇందులో అధిక భాగం కేంద్రమే భరించింది.

14 ఏళ్లలో సుమారు 400 మంది ఇక్కడ పనిచేశారు. వారిలో పలువురు సమీపంలోని కీస్టోన్ గనుల కార్మికులు. ఆర్థిక మాంద్యం నాటి నిరుద్యోగంలో ఈ కొండ వారికి అన్నం పెట్టింది. ప్రతి ఉదయం సుమారు 700 మెట్లెక్కి పైకి చేరేవారు. ఉక్కు తీగలకు వేలాడే కుర్చీలలో కూర్చొని కొండ ముఖం మీదికి దిగేవారు. తొలగించిన రాతిలో 90 శాతం డైనమైట్‌తో పేల్చిందే. కావలసిన ఉపరితలానికి కొద్ది అంగుళాల దూరం వచ్చాక దగ్గర దగ్గరగా రంధ్రాలు తొలిచి, తేనెపట్టులా అయిన రాతిని సుత్తితో రాల్చేవారు. కర్మశాలలోని నమూనాలో ఒక అంగుళం కొండపై ఒక అడుగుకు సమానం. ఆ కొలతల ప్రకారమే ఎక్కడ ఎంత లోతుకు తొలచాలో గుర్తించేవారు. ఇటలీ నుంచి వలస వచ్చిన లూయిజీ డెల్ బియాంకో ప్రధాన శిల్పిగా ముఖాలకు సూక్ష్మమైన తుదిమెరుగులు దిద్దాడు. పని జరిగినన్నాళ్లూ ప్రమాదంలో ఒక్కరూ మరణించలేదు.

రాతి స్వభావం ప్రణాళికను అనేకసార్లు మార్చింది. జెఫర్సన్ ముఖాన్ని మొదట వాషింగ్టన్ కుడి పక్కన మొదలుపెట్టారు. అక్కడి రాయి పగుళ్లతో పనికిరాదని తేలడంతో 1934లో దానిని పేల్చివేసి ఎడమ పక్కకు మార్చారు. విగ్రహాలను నడుము వరకు చెక్కాలన్న ఉద్దేశం నెరవేరలేదు. ముఖాల వెనుక కొండలో ఒక దస్తావేజుల మందిరం తొలిచి, దేశ చరిత్ర పత్రాలను భద్రపరచాలని బోర్గ్‌లమ్ ఆశించాడు. 1938లో మొదలైన ఆ సొరంగం మరుసటి ఏడాదే ఆగిపోయింది. 1941 మార్చిలో ఆయన మరణించగా, కుమారుడు లింకన్ బోర్గ్‌లమ్ ఆధ్వర్యంలో అక్టోబరు 31న పని ముగిసింది. 1998లో ఆ సొరంగం ముఖద్వారం వద్ద స్మారక చరిత్రను తెలిపే 16 పింగాణీ పూత పలకలను పెట్టి మూతవేశారు. సందర్శకులకు అక్కడికి ప్రవేశం లేదు.

5. దారులు: చూపును తీర్చిన నిర్మాణం

రష్‌మోర్‌కు శిల్పి ఎంత ముఖ్యుడో, పరిసర పర్యటనకు పీటర్ నార్బెక్ అంత ముఖ్యుడు. దక్షిణ డకోటాకు గవర్నరుగా, 1921 నుంచి 1936లో మరణించే వరకు సెనేటరుగా పనిచేసిన ఆయన వృత్తిరీత్యా నీటిబావులు తవ్వించేవాడు. కస్టర్ స్టేట్ పార్కు స్థాపన ఆయన కృషి ఫలితం. అందులోని నీడిల్స్ రహదారి మార్గాన్ని నడిచీ, గుర్రం మీద తిరిగీ స్వయంగా నిర్ణయించాడు. 14 మైళ్ల ఆ దారి 1922లో పూర్తయింది. సూదుల వంటి శిఖరాల మధ్య రాతిని తొలిచి వేసిన ఒక సొరంగం వెడల్పు కేవలం 8 అడుగులు.

1930వ దశకంలో నిర్మించిన ఐరన్ మౌంటెన్ రోడ్డు ఇంకా విశిష్టమైనది. పార్కును రష్‌మోర్‌తో కలిపే 17 మైళ్ల ఈ దారిలో 300కు పైగా మలుపులున్నాయి. ఎత్తుపల్లాలను దాటడానికి దారి తన మీదుగా తానే చుట్టుకొని పోయేట్లు కర్రవంతెనలు కట్టారు. వాటికి పందితోక వంతెనలని పేరు. వాటి రూపకల్పన సి. సి. గిడియన్‌ది. ఈ దారిలో మూడు సొరంగాలున్నాయి. దక్షిణం నుంచి రష్‌మోర్ వైపు ప్రయాణించేవారికి ఆ సొరంగాల చివర, ద్వారబంధంలో చిత్రపటం బిగించినట్లుగా, అధ్యక్షుల ముఖాలు దర్శనమిస్తాయి. వాటిలో ఒకదానికి డోన్ రాబిన్సన్ పేరు పెట్టారు.

త్వరగా గమ్యం చేరడం ఇక్కడ రహదారి ఉద్దేశం కాదు. ఎక్కడ నెమ్మదించాలో, ఎక్కడ తల ఎత్తి చూడాలో, మొదట ఏది కనిపించాలో నిర్మాతలు ముందే నిర్ణయించారు. గుడి గోపురం దూరం నుంచి కనపడి, మాడవీధుల్లో మరుగై, గర్భాలయం ముందు దైవదర్శనం కలిగే క్రమానికి అలవాటుపడిన తెలుగు యాత్రికునికి ఈ ఏర్పాటు సులభంగా అర్థమవుతుంది. అయితే దర్శన క్రమాన్ని నిర్ణయించడమంటే దృష్టి పరిధిని నిర్ణయించడం కూడా. మూడు సొరంగాల చివర నాలుగు ముఖాలు కనిపిస్తాయి. 1868 ఒడంబడిక మాత్రం ఆ దారిలో ఏ మలుపు వద్దా ఎదురుకాదు.

6. అదే కాలంలో మరొక దస్త్రం

ఆ ఒడంబడిక మరొక చోట సజీవంగా ఉంది. 1920లో కాంగ్రెసు ప్రత్యేక చట్టం ద్వారా సియూ జాతికి న్యాయస్థానాన్ని ఆశ్రయించే అవకాశం ఇచ్చింది. ఆ ప్రకారం 1923లో బ్లాక్ హిల్స్ అపహరణపై దావా దాఖలైంది. రాబిన్సన్‌కు శిల్పాల ఆలోచన వచ్చిన సంవత్సరం కూడా అదే. ఈ నేల ఆదిమ ప్రజలందరికీ అమెరికా పౌరసత్వం దక్కింది మరుసటి ఏడాది, అంటే 1924లో. కొండపై పేలుళ్లు సాగిన 14 ఏళ్లూ ఆ దావా విచారణలోనే ఉంది. 1941లో చెక్కడం ముగిసింది. 1942లో దావాను కొట్టివేశారు.

రెండవ ప్రపంచయుద్ధానంతరం 1946లో ఏర్పడిన ఇండియన్ క్లెయిమ్స్ కమిషన్ ముందుకు ఈ వివాదం మళ్లీ వచ్చింది. అనేక దశలు దాటి 1980 జూన్ 30న సుప్రీంకోర్టు 8–1 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. 1877 చట్టం ద్వారా భూమిని న్యాయమైన పరిహారం లేకుండా తీసుకున్నారని నిర్ధారించింది. 1877 నాటి విలువగా లెక్కగట్టిన 1 కోటి 71 లక్షల డాలర్లకు వడ్డీ కలపగా పరిహారం 10 కోట్ల డాలర్లు దాటింది. సియూ తెగలు ఆ సొమ్మును స్వీకరించలేదు. స్వీకరిస్తే భూమిని అమ్మినట్లవుతుందని వారి వాదం. ప్రభుత్వ ఖాతాలో వడ్డీతో పెరిగిన ఆ మొత్తం నేడు 100 కోట్ల డాలర్లు మించింది.

ఈ నిరాకరణ బరువు తెలియాలంటే వారి ఆర్థిక స్థితిని గమనించాలి. కొండలకు ఆగ్నేయంగా ఉన్న పైన్ రిడ్జ్ రిజర్వేషన్ దేశంలోని అత్యంత పేద ప్రాంతాలలో ఒకటి. రష్‌మోర్‌కు వచ్చే పర్యాటకుల వల్ల చేకూరే ఆదాయంలో అధిక భాగం రిజర్వేషన్ వెలుపలి పట్టణాలకే చేరుతుంది. పేదరికంలో ఉన్న సమాజం తరాల తరబడి అంత ధనాన్ని వద్దనడం డబ్బుతో కొలవలేని హక్కు ప్రకటన.

7. పరిసర స్థలాలు: మారుతున్న దర్శనం

రష్‌మోర్‌కు నైరుతి దిక్కున సుమారు 17 మైళ్ల దూరంలో క్రేజీ హార్స్ స్మారకం ఉంది. తమ జాతికీ మహావీరులున్నారని శ్వేతజాతీయులకు తెలియజెప్పాలన్న ఉద్దేశంతో లకోటా పెద్ద హెన్రీ స్టాండింగ్ బేర్ 1939లో శిల్పి కోర్చాక్ జియోల్కోవ్‌స్కీకి లేఖ రాశాడు. ఆ శిల్పి అదే ఏడాది రష్‌మోర్‌లో కొంతకాలం పనిచేశాడు. 1948లో పని మొదలైంది. ప్రభుత్వ నిధులు తీసుకోకుండా ప్రవేశ రుసుము, విరాళాలతోనే నడుస్తోంది. 87 అడుగులకు పైగా ఎత్తున్న ముఖం 1998లో పూర్తయింది. మిగతా శిల్పం నేటికీ పూర్తికాలేదు. లకోటాలలోనే దీనిపై భిన్నాభిప్రాయాలున్నాయి. తమ వీరునికి గౌరవమని కొందరు, పవిత్రమైన కొండను మళ్లీ పేల్చడమేనని మరికొందరు అంటారు.

పేర్ల మార్పు మరొక పరిణామం. ఈ శ్రేణిలో ఎత్తైన శిఖరానికి చిరకాలం జనరల్ హార్నీ పేరు ఉండేది. 1855లో నెబ్రాస్కాలోని బ్లూ వాటర్ క్రీక్ వద్ద లకోటా స్త్రీలు, పిల్లలు హతులైన దాడికి నాయకత్వం వహించింది ఆయనే. 2016లో దానిని లకోటా ఆధ్యాత్మిక గురువు బ్లాక్ ఎల్క్ పేరుకు మార్చారు. ఉత్తరాన మతో పహా, అంటే ఎలుగు కొండ, నేటికీ ప్రార్థనా స్థలమే. అక్కడి చెట్లకు భక్తులు కట్టిన రంగుగుడ్డలను తాకవద్దని సందర్శకులను కోరుతారు. దక్షిణాన, 1903లో జాతీయోద్యానమైన విండ్ కేవ్ గుహ, లకోటా విశ్వాసం ప్రకారం మానవులు భూగర్భం నుంచి పైకి వచ్చిన స్థలం. కొండల నడుమనున్న పే స్లా అనే పచ్చికమైదానం 2012లో వేలానికి వచ్చినప్పుడు సియూ తెగలు కలిసి సుమారు 90 లక్షల డాలర్లకు దానిని కొనుక్కున్నాయి. దాదాపు 2,000 ఎకరాల ఆ భూమి, ఒడంబడిక ప్రకారం, అంతకు ముందే వారిది.

రష్‌మోర్‌లో కూడా మార్పు వచ్చింది. 1970, 1971 సంవత్సరాలలో ఆదిమవాసి ఉద్యమకారులు కొండనెక్కి ఒడంబడికను అమలు చేయాలని ఆందోళన చేశారు. 2004లో మాండన్-హిడాట్సా తెగలకు చెందిన జెరార్డ్ బేకర్ ఈ స్మారకానికి పర్యవేక్షకుడయ్యాడు. ఆ పదవి చేపట్టిన తొలి ఆదిమవాసి ఆయనే. ఆయన కాలంలో స్మారక ప్రాంగణంలో లకోటాల గుడారాలు నిలిపి, వారి చరిత్రను వారి నోటే వినిపించే కార్యక్రమాలు ప్రారంభించారు. కొందరు సందర్శకులు ఆక్షేపించినా పలువురు ఆగి విన్నారు.

8. ముగింపు

రష్‌మోర్ స్మారకం పర్యాటకం కోసమే పుట్టింది. దాని చుట్టూ వేసిన దారులు శిల్పంతో సమానమైన నేర్పుతో నిర్మితమయ్యాయి. ఆ కార్మికుల సాహసం, శిల్పి పట్టుదల, నార్బెక్ సౌందర్యదృష్టి గౌరవించదగినవే. అయితే 1923లో ఒకేసారి మొదలైన రెండు ప్రయత్నాలలో ఒకటే సందర్శకునికి కనిపించేట్లు ఈ ఏర్పాటు జరిగింది. చెక్కడం 14 ఏళ్లలో ముగిసింది. భూమి వివాదంలో తీర్పు రావడానికి 57 ఏళ్లు పట్టింది. ఆ తీర్పు ప్రకారం వచ్చిన పరిహారం నేటికీ ఖాతాలోనే ఉంది.

ఈ ప్రాంతాన్ని దర్శించేవారు శిల్పాన్ని చూడడం మానుకోనవసరం లేదు. మతో పహా, విండ్ కేవ్, పైన్ రిడ్జ్‌లను కూడా తమ ప్రయాణంలో చేర్చుకుంటే, సొరంగం చివర కనిపించే ఆ నాలుగు ముఖాలు ఎవరి నేలపై ఉన్నాయో తెలుస్తుంది. దర్శనీయ స్థలాల చరిత్ర రాసేవారు శిల్పి, పోషకుడు, వ్యయం, కాలం అనే వివరాలతో పాటు ఆ స్థలానికి గల భూమి హక్కు చరిత్రను కూడా నమోదు చేయవలసిన ఆవశ్యకతను బ్లాక్ హిల్స్ ఉదంతం స్పష్టం చేస్తోంది.